రిపోర్టులన్నీ నార్మలే, మరి ఈ నొప్పులేమిటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు. మాది హిందూపురం దగ్గర పల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం, రామమూర్తినగర్‌లో ఉంటాం. వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. రెండేళ్ల కిందట వారం పాటు జ్వరం, కీళ్లనొప్పులు వచ్చాయి. అవి తగ్గిన కొన్నాళ్లకే నాన్నగారు పోయారు. అప్పటి నుంచి ఒళ్లు నా మాట వినడం లేదు. మెడ, భుజాలు, నడుము, తొడలు, ఒక్కోరోజు ఒక్కోచోట నొప్పి. పాప వచ్చి వాటేసుకున్నా నొప్పే. ఎనిమిది గంటలు పడుకుని లేచినా పడుకోనట్టే ఉంటుంది. కడుపు ఉబ్బరం. ఒకరోజు విరేచనాలు, రెండు రోజులు మలబద్ధకం. నెలకు మూడు నాలుగు సార్లు తలలో ఒక పక్క పోటు, వాంతి వచ్చేలా ఉంటుంది. మీటింగ్‌లో మాట మధ్యలో పదం గుర్తురాదు. రక్తపరీక్షలు, స్కానింగ్‌లు, ఎండోస్కోపీ అయ్యాయి. అన్నీ నార్మల్. ఒక డాక్టర్ గారు "అంతా టెన్షనే" అని డులోక్సెటిన్ రాశారు. పెట్టెలోని కాగితంలో డిప్రెషన్ మందు అని చూసి పక్కన పెట్టేశాను. నాకు పిచ్చి లేదు కదా! మా ఆయన "రిపోర్టులు బాగానే ఉన్నాయి, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావ్" అంటారు. అత్తయ్య గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఈ మధ్య న్యూరోపెప్టైడ్‌ల గురించి చదివాను. మూడ్‌కీ, ఇలాంటి అంతుపట్టని నొప్పులకీ అవే కారణమని రాశారు. ఒక వెల్‌నెస్ క్లినిక్‌లో వాటిని రక్తంలో కొలిచి, పెప్టైడ్ ఇంజెక్షన్లు ఇస్తామంటున్నారు. ప్యాకేజీ నా నెల జీతంలో సగం. చేయించుకోమంటారా? ఇంతకీ నా జబ్బు ఒంట్లోనా, మనసులోనా? మా పాపకు కూడా వస్తుందా? (పేరు వద్దు, బెంగళూరు)

జవాబు: అమ్మా, డబ్బు విషయం ముందు తేల్చేస్తాను. ఆ ప్యాకేజీ కట్టకండి. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి. ఎందుకో కింద వివరంగా చెబుతాను. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. మీ నొప్పి నిజమైనది. రిపోర్టులు నార్మల్‌గా వచ్చాయంటే ఆ పరీక్షలు వెతికిన జబ్బులు మీకు లేవని అర్థం, నొప్పి లేదని కాదు. నొప్పిని కొలిచే రక్తపరీక్ష ఇప్పటిదాకా ఎక్కడా లేదు. కాబట్టి రిపోర్టులు చూపించి మీకు నొప్పి లేదనే అర్హత ఎవరికీ లేదు, డాక్టరుకైనా సరే.

మీరు చదివిన న్యూరోపెప్టైడ్‌ల సంగతి పూర్తిగా కట్టుకథ కాదు. అందులో గట్టి సైన్స్ ఉంది. ఆ సైన్స్‌కి, క్లినిక్ వాళ్లు అమ్ముతున్నదానికి మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం మీకు కనబడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

న్యూరోపెప్టైడ్‌లు అంటే నరాల కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే చిన్న ప్రోటీన్ ముక్కలు. ఐదు అమైనో ఆమ్లాలతో అయ్యేవి ఉన్నాయి, నలభై దాటినవీ ఉన్నాయి. వీటిలో మొదట దొరికినవాటిలో ఒకటి సబ్‌స్టెన్స్ పి. 1931లో లండన్‌లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్, జాన్ గాడమ్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. ఎక్కడ గుర్తించారో చూడండి: గుర్రం మెదడులోనూ, గుర్రం పేగులోనూ. మీరు "ఒంట్లోనా, మనసులోనా" అని అడిగారే, ఆ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. ఆలోచనలు నడిచే చోటా, అన్నం అరిగే చోటా పనిచేసేది ఒకే పదార్థం. దాని నిర్మాణం తేలడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1971లో అమెరికాలో సూసన్ లీమన్, మైకేల్ చాంగ్ అందులో 11 అమైనో ఆమ్లాలు ఉన్నాయని, ఏది ఏ వరుసలో ఉందో తేల్చారు. నిజానికి లీమన్ మొదట వెతికింది దీన్ని కాదు. టెన్షన్ పడ్డప్పుడు మెదడు విడుదల చేసే సీఆర్‌ఎఫ్ అనే ఇంకో పెప్టైడ్ కోసం వెతుకుతుంటే ఇది దొరికింది. ఆ సీఆర్‌ఎఫ్‌ని 1981లో వైలీ వేల్ బృందం పట్టుకుంది.

సబ్‌స్టెన్స్ పి పని మీకు బాగా తెలిసిందే. పచ్చడికి గుంటూరు మిరపకాయలు తుంచినప్పుడు వేళ్లు భగ్గున మండుతాయి కదా, చర్మం ఎర్రబడుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ చర్మంలోని సన్నని నొప్పి నరాల కొసలను తాకగానే వాటిలోంచి సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే రెండు పెప్టైడ్‌లు బయటికొస్తాయి. అవి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, అందుకే ఆ ఎరుపు. అవే నరాలు రెండో కొస దగ్గర, అంటే వెన్నుపాములో, మళ్లీ ఇవే పెప్టైడ్‌లను వదిలి నొప్పి కబురును పైకి పంపుతాయి. గాయం గానీ జ్వరం గానీ చాలాకాలం వేధిస్తే వెన్నుపాములోని కణాలు ఎక్కువ సున్నితంగా తయారవుతాయి. అప్పుడు మామూలు స్పర్శ కూడా నొప్పిగా పైకి వెళుతుంది. పాప వాటేసుకుంటే నొప్పి అని రాశారే, అది ఇలా జరిగేదే. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2017లో దీనికి నోసిప్లాస్టిక్ నొప్పి అని ఒక వర్గమే ఏర్పరచింది: కండ చిరగలేదు, నరం తెగలేదు, కానీ నొప్పిని మోసే, అదుపుచేసే వ్యవస్థ పనితీరు మారిపోయింది.

కడుపు సంగతి కూడా ఇంతే. పరీక్ష రోజు పొద్దున బాత్రూం చుట్టూ తిరగడం మనలో చాలామందికి అనుభవమే. టెన్షన్ పడగానే సీఆర్‌ఎఫ్ పనిచేయడం మొదలుపెడుతుంది. అది పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది, పెద్దపేగు కదలికలను పెంచుతుంది. అందుకే ఒకే మనిషికి పైన ఉబ్బరం, కింద విరేచనం. పరీక్షల్లో ఏమీ తేలకపోయినా కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం వేధించే జబ్బును ఐబీఎస్ అంటారు. అది ఉన్నవాళ్లకు సీఆర్‌ఎఫ్‌ని ఇంజెక్షన్‌గా ఇచ్చి చూస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకన్నా వాళ్ల పెద్దపేగు ఎక్కువగా స్పందించిందని జపాన్ పరిశోధకులు 1998లో ప్రచురించారు. అంటే కడుపు "ఊరికే" తిరగడం లేదు. ఒక కబురు అందుకుంది, దానికి మోతాదుకు మించి స్పందించింది.

ఇంకొక ప్రయోగం నాకు చాలా ఇష్టం. మీ ఆయనకు చదివి వినిపించండి. 1978లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లకు నొప్పి మందని చెప్పి మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. కొందరికి నొప్పి నిజంగానే తగ్గింది. తరువాత నాలోక్సోన్ ఇచ్చారు. అది మార్ఫిన్‌ని, మన శరీరం తయారుచేసుకునే ఎండార్ఫిన్ల వంటి పెప్టైడ్‌లను పనిచేయనివ్వని మందు. అలా తగ్గినవాళ్లకు నొప్పి మళ్లీ పెరిగింది. అంటే మందు పడిందన్న నమ్మకంతోనే మెదడు తన సొంత నొప్పి మందును విడుదల చేసుకుంది. మనసులో మొదలైంది, పదార్థంగా మారింది, నొప్పిని తగ్గించింది. భయం, దిగులు, నిద్రలేమి ఇదే దారిలో వ్యతిరేకంగా పనిచేసి నొప్పిని పెంచగలవు. "అంతా మనసులోనే" అన్న మాటను తేలిక చేయడానికి వాడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. మనసులో జరిగేది కూడా ఒంట్లోనే జరుగుతుంది.

ఇంతవరకూ క్లినిక్ వాళ్లు చెప్పేదీ నేను చెప్పేదీ ఒకటే. ఇక్కడి నుంచి దారులు వేరు.

ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు ఉంది. ఒళ్లంతా నొప్పులు, తీరని అలసట, నిద్ర లేచాక తాజాగా లేకపోవడం, మతిమరుపు దాని లక్షణాలు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు మొదట తట్టింది అదే. ఆ జబ్బు ఉన్నవాళ్ల వెన్నుపాము ద్రవంలో సబ్‌స్టెన్స్ పి ఎక్కువగా ఉందని 1988లో నార్వే వాళ్లు, 1994లో అమెరికా వాళ్లు చూపించారు. రెండోవాళ్లకు దాదాపు మూడు రెట్లు కనబడింది. ఆ మాట విన్న ఎవరికైనా కారణం దొరికిందనే అనిపిస్తుంది. అప్పటికే మందుల కంపెనీలు సబ్‌స్టెన్స్ పిని అడ్డుకునే మందులు తయారుచేస్తున్నాయి. జంతువుల్లో బాగా పనిచేశాయి. మనుషుల నొప్పుల మీద పరీక్షిస్తే పనిచేయలేదు. అలాంటి ఒక మందు డిప్రెషన్‌ను తగ్గిస్తోందని 1998లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఎంత ఆశ రేగిందో! తరువాత పెద్ద పరీక్షలు చేస్తే మందు లేని ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగేమీ లేదని తేలింది. ఆ మందు పేరు అప్రెపిటెంట్. ఇప్పుడు కీమోథెరపీ తీసుకునేవాళ్లకు వాంతులు ఆపడానికి ఇస్తారు, ఆ పని చక్కగా చేస్తుంది. సీఆర్‌ఎఫ్‌ని అడ్డుకునే మందులు కూడా డిప్రెషన్‌లో నిలబడలేదు.

అంటే ఒక పెప్టైడ్ ఎక్కువగా కనబడినంత మాత్రాన అదే జబ్బుకు కారణమని చెప్పలేం. జబ్బు వల్లే అది పెరిగి ఉండవచ్చు. లేదా కబురు మోసేవి పది ఉంటే ఒకదాన్ని ఆపినా మిగతావి ఆ పని చేస్తూ ఉండవచ్చు. అలసట ప్రధానంగా ఉండే క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌లో స్వీడన్ వాళ్లు ఇదే పరీక్ష చేస్తే వెన్నుపాము ద్రవంలో సబ్‌స్టెన్స్ పి పెరగలేదు. చూడటానికి ఒకేలా ఉండే రెండు జబ్బుల్లోనే ఫలితం ఇంత తేడాగా వచ్చింది. ప్రపంచంలోని పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి ప్రయత్నించి తేల్చలేనిదాన్ని ఒక క్లినిక్ రక్తం చుక్కతో తేలుస్తానంటే నేను నమ్మను, మిమ్మల్నీ నమ్మవద్దంటాను.

అందులోనూ వాళ్లు కొలిచేది రక్తంలో. ఈ పెప్టైడ్‌లు రక్తంలో కొద్ది నిమిషాలకే విరిగిపోతాయి. పరిశోధనల్లో వీటిని కొలవాలంటే ప్రత్యేకమైన గొట్టాల్లో రక్తం తీసి, వెంటనే చల్లబరచి, జాగ్రత్తగా వేరుచేయాలి. ఇంటికి వచ్చి రక్తం తీసుకుని, సంచిలో పెట్టుకుని టిన్ ఫ్యాక్టరీ సిగ్నల్ దాటి ల్యాబ్‌కి చేర్చేసరికి మిగిలేదేమిటి? సరిగ్గా కొలిచినా అసలు చిక్కు తీరదు. రక్తంలోని పెప్టైడ్‌లలో ఎక్కువ భాగం పేగు, గుండె, చర్మం లాంటి చోట్ల నుంచి వచ్చి కలుస్తుంది. మెదడులో, వెన్నుపాములో ఒక కణానికీ పక్క కణానికీ మధ్య ఏం జరుగుతోందో అది చెప్పదు. వీధి చివర మోరీ నీళ్లు చూసి ఏ ఇంట్లో ఏం వండుకున్నారో చెప్పమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇంజెక్షన్ల సంగతి ఇంకా ఆందోళనకరం. జిమ్‌లలో, వెల్‌నెస్ సెంటర్లలో బీపీసీ-157 లాంటి పేర్లతో పెప్టైడ్‌లు అమ్ముతున్నారు. దాన్ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ మనుషులకు మందుగా ఆమోదించలేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022లో నిషేధిత జాబితాలో చేర్చింది. మీకు ఇస్తామంటున్నది అదే అనడం లేదు. ఏమిస్తారో పేరు, మోతాదు, ఏ జబ్బుకు ఆమోదం ఉందో రాసి ఇమ్మని అడగండి. రాసివ్వకపోతే లేచి వచ్చేయండి.

పెప్టైడ్‌ల గురించిన జ్ఞానం వృథా పోలేదని కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. మీకున్న ఒంటిపక్క తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం మైగ్రేన్ లక్షణాలే. అక్కడ మిరపకాయ దగ్గర చెప్పిన సీజీఆర్‌పీ నిజంగా దోషి. మైగ్రేన్ ఉన్నవాళ్లకు దాన్ని రక్తనాళంలోకి ఎక్కిస్తే చాలామందికి తలనొప్పి వచ్చింది. దాన్ని అడ్డుకుంటే తగ్గింది. 2018లో ఎరెనుమాబ్‌తో మొదలుపెట్టి అలాంటి మందులు వచ్చాయి, పనిచేస్తున్నాయి. ఖరీదైనవి కాబట్టి ముందు ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులు ప్రయత్నిస్తారు. ఇది చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మైగ్రేన్‌ను మీరు మిగతా లక్షణాల గుంపులో కలిపేశారు. దానికి విడిగా వైద్యం ఉంది, ఒక న్యూరాలజిస్ట్‌ను కలిస్తే అదొక్కటైనా త్వరగా దారికొస్తుంది. నెలలో నాలుగు రోజులు తలనొప్పి లేకపోతే మిగతా నొప్పులను తట్టుకునే ఓపిక వస్తుంది.

ఇక మీరు చేయాల్సిన పనులు. పాత రిపోర్టులన్నీ ముందేసుకుని అందులో ఏమేం పరీక్షలు ఉన్నాయో చూడండి. "అన్నీ చేశారు" అన్న మాట చాలాసార్లు నిజం కాదు. థైరాయిడ్, షుగర్, కాల్షియం, కిడ్నీ, లివర్, ఒంట్లో వాపు ఉందేమో చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ ఉన్నాయా? హిమోగ్లోబిన్ బాగుండి కూడా ఐరన్ నిల్వలు ఖాళీగా ఉండవచ్చు, అది తెలియాలంటే ఫెరిటిన్ చూడాలి. మీరు శాకాహారులైతే, లేదా గ్యాస్ మాత్ర రోజూ ఏళ్ల తరబడి వేసుకుంటుంటే బి12 తప్పకుండా చూపించాలి. విటమిన్ డి తక్కువని మాత్రలు రాసి ఉంటే చీటీ మళ్లీ చదవండి. 60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకటి వేసుకోమంటే పొరపాటున రోజూ మింగేవాళ్లున్నారు, అది ప్రమాదం. రెండేళ్ల కిందటి ఆ జ్వరం చికున్‌గున్యానా? అప్పుడు పరీక్ష చేశారా? చికున్‌గున్యా తరువాత నెలలు, ఒక్కోసారి ఏళ్లు కీళ్లనొప్పులు మిగలడం కొత్తేమీ కాదు. పొద్దున లేవగానే వేళ్లు గంటకు పైగా బిగుసుకుపోతున్నా, కీళ్లు వాస్తున్నా ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. మీరు గురక పెడతారేమో ఇంట్లోవాళ్లను అడగండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లకు కూడా ఎనిమిది గంటలు పడుకున్నా అలసట తీరదు.

ఇవి చూశాక రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతం, ఒళ్లునొప్పుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. "ఇది ఫైబ్రోమయాల్జియానా?" అని సూటిగా అడగండి. అన్ని జబ్బులూ కాదనుకున్నాక మిగిలేదానికి పెట్టే పేరు కాదది. నొప్పి ఎన్నిచోట్ల ఉంది, అలసట, నిద్ర, మతిమరుపు ఎంత తీవ్రంగా ఉన్నాయి, ఎన్ని నెలలుగా ఉన్నాయి అని లెక్కవేసి చెప్పే ప్రమాణాలున్నాయి. వాటిని 2016లో సవరించారు. పేరు తెలిస్తే సగం భయం పోతుంది, స్కానింగ్‌ల వెంట తిరగడం ఆగుతుంది.

డులోక్సెటిన్ విషయానికొస్తే, మీరు పక్కన పెట్టినందుకు తప్పుపట్టను. "టెన్షనే" అని ఒక్క మాటతో పంపేస్తే ఎవరైనా అలాగే చేస్తారు. కానీ ఆ మందును అమెరికాలో 2008లో ఫైబ్రోమయాల్జియాకు విడిగా ఆమోదించారు. మెదడు నుంచి వెన్నుపాముకు దిగి నొప్పి కబురును తగ్గించే నరాలు సెరొటోనిన్, నారెడ్రినలిన్ అనే రసాయనాలతో పనిచేస్తాయి. ఈ మందు ఆ రెండింటినీ పెంచుతుంది. డిప్రెషన్ లేనివాళ్లకు కూడా నొప్పి తగ్గించగలదు. అందరికీ పనిచేయదు, పనిచేసినవాళ్లకూ నొప్పి పూర్తిగా పోదు. మొదటి వారం పదిరోజులు వికారం, నోరెండిపోవడం ఉండవచ్చు. బీపీ, లివర్ జబ్బు, వాడుతున్న మిగతా మందులు, ముఖ్యంగా ట్రమడాల్ కలిసిన నొప్పి మాత్రల గురించి డాక్టరుకు చెప్పే మొదలుపెట్టాలి. ఆపాలన్నా ఒక్కసారిగా ఆపకూడదు. ఈ మాటలన్నీ రాసిన డాక్టరే చెప్పి ఉండాల్సింది. మళ్లీ వెళ్లి ఇవే అడగండి.

ఇంకొకటి. దిగులుకు మందు వేసుకోవడం పిచ్చికి గుర్తు కాదు, అవమానమూ కాదు. మీ ఉత్తరంలో నాన్నగారి సంగతి ఒక్క వాక్యంలో చెప్పి కడుపు ఉబ్బరంలోకి వెళ్లిపోయారు. అప్పుడు కూతురిగా ఏడవడానికి మీకు ఎన్ని రోజులు దొరికాయి? ఎన్నో రోజుకు లాప్‌టాప్ తెరిచారు? నొప్పికి అదే కారణమని నేననడం లేదు. నొప్పి, నిద్ర, దుఃఖం ఒకే నరాల దారుల్లో నడుస్తాయి కాబట్టి మూడింటినీ కలిపి చూడకపోతే ఏదీ సరిగా తగ్గదు. నొప్పి ఉన్నవాళ్లతో పనిచేసే సైకాలజిస్టులు ఉన్నారు, ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అని వాళ్లు చేస్తారు, దానికి ఆధారాలున్నాయి. హోసూర్ రోడ్డులో మెదడు, మనసు జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆస్పత్రి ఉంది. ఆ పేరు వినగానే మన ఊళ్లలో గుసగుసలు మొదలవుతాయని నాకు తెలుసు. అక్కడ న్యూరాలజీ, సైకియాట్రీ రెండూ ఒకే ఆవరణలో ఉంటాయి, మీకు కావాల్సింది సరిగ్గా అదే. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఎంతోమంది వస్తుంటారు, తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు.

వ్యాయామం గురించి చెబితే అందరూ చెప్పేదే కదా అనుకుంటారేమో. యూరప్ రుమటాలజీ సంఘం 2016లో ఫైబ్రోమయాల్జియా వైద్యాలన్నిటినీ తూచి చూసి, బలంగా సిఫార్సు చేసింది దీన్నొక్కదాన్నే. మందులకు కూడా ఆ స్థాయి ఇవ్వలేదు. కానీ ఎలా చేయాలన్నదే అసలు సంగతి. బాగున్న రోజున ఇల్లంతా సర్ది, గంట నడిచి, తరువాత మూడు రోజులు మంచం పట్టడం చాలామంది చేసే పని. నొప్పి ఎక్కువున్న రోజు కూడా చేయగలిగినంత చిన్న లెక్క పెట్టుకోండి. వీధిలో పది నిమిషాలు చాలు. బాగున్న రోజున కూడా పదే. రెండు వారాలు అలా గడిచాక రెండు నిమిషాలు పెంచండి. ఒక హెచ్చరిక: కొద్దిపాటి శ్రమకే మరునాడు లేవలేనంతగా కుప్పకూలిపోతుంటే, అది రోజుల తరబడి ఉంటుంటే, నడక పెంచడం ఆపి ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. అది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ కావచ్చు. ఆ జబ్బులో వ్యాయామం లెక్కప్రకారం పెంచుకుంటూ పోయే పద్ధతిని బ్రిటన్ మార్గదర్శకాలు 2021లో తీసేశాయి. అక్కడ ఉన్న శక్తిని పొదుపుగా వాడుకోవడమే వైద్యం.

రాత్రి అమెరికా కాల్స్ ఉంటే వారంలో కొన్ని రోజులైనా వాటిని వేరేవాళ్లకు అప్పగించమని మేనేజర్‌ను అడగండి. రోజుకొక వేళ పడుకునేవాళ్లకు ఏ మందూ సరిగా పనిచేయదు. ఆఫీసుకు కారులో వెళ్తుంటే కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్‌కు మెట్రో ప్రయత్నించండి. ట్రాఫిక్‌లో గంటసేపు స్టీరింగ్ పట్టుకుని బిగుసుకుపోయే మెడకు అది పెద్ద ఊరట.

మీ ఆయనకు రెండు మాటలు. బాబూ, ఆమె ఎక్కువ ఆలోచిస్తున్నది నిజమే కావచ్చు. రెండేళ్లుగా నొప్పి ఉండి, ఎవరూ నమ్మకపోతే ఎవరైనా ఆలోచిస్తారు. ఈసారి డాక్టరు దగ్గరికి మీరూ వెళ్లండి. లోపల ఆమె చెప్పేది ఆపకుండా విని, ఆమె మరిచిపోయింది మీరు గుర్తుచేయండి. పొద్దున పాపను స్కూలు బస్సు ఎక్కించే పని మీరు తీసుకుంటే ఆమె పడుకునే అరగంట పెరుగుతుంది. అత్తయ్యగారి తాయెత్తు జోలికి మాత్రం వెళ్లకండి. ఆవిడ ప్రేమతో కట్టించారు, దానివల్ల నష్టం లేదు.

కొన్ని లక్షణాలు కనబడితే మాత్రం పై మాటలన్నీ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని జ్వరం, మలంలో రక్తం, చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మూత్రం అదుపు తప్పడం, ఎప్పుడూ లేనంత హఠాత్తుగా వచ్చిన తలనొప్పి అలాంటివి. బతకాలనిపించకపోవడం కూడా ఆ వరుసలోదే. ఆ ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

పాప గురించి అడిగారు. ఇలాంటి నొప్పుల స్వభావం, మైగ్రేన్ కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనబడతాయి. కానీ తల్లికి ఉంటే బిడ్డకు వచ్చి తీరుతుందని లేదు, ఇది అంటుకునే జబ్బు అసలే కాదు. నొప్పి భయంతో పాపను దూరం పెట్టకండి. గట్టిగా వాటేసుకుంటే నొప్పి పుడుతుంది కాబట్టి ఒళ్లో కూర్చోబెట్టుకోండి, లేదా పక్కన చేరి చెయ్యి పట్టుకోమనండి. అమ్మకు ఒళ్లు నొప్పి, నీ తప్పేమీ లేదు అని ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. పిల్లలు చెప్పకపోతే తమవల్లే అనుకుంటారు. ఎప్పుడైనా స్కూలుకు వెళ్లే ముందు కడుపునొప్పి అంటే వేషాలని కొట్టిపారేయకండి, కంగారుపడి స్కానింగ్‌లకూ పరుగెత్తకండి. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, స్కూల్లో ఏమైంది అని కూర్చోబెట్టి అడగండి. రెండు మూడు వారాలైనా వస్తూనే ఉంటే, లేదా నొప్పికి నిద్రలోంచి లేస్తుంటే పిల్లల డాక్టరుకు చూపించండి.